మీ ప్రశ్న – మా జవాబు: ఇన్ని ట్యాగులు పెట్టినా దాతలు రారేం?

ప్రశ్న: మాది రక్తదాతల సంస్థ. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మూడింట్లోనూ ఉన్నాం. ప్రతి పోస్టు కిందా బారెడు హ్యాష్‌ట్యాగులు పెడుతున్నాం. కొత్తవాళ్లు మాత్రం రావడం లేదు. లోపమెక్కడ?
– ఒక కార్యదర్శి, తెనాలి

జవాబు: మిమ్మల్ని ఎరగనివాళ్లు వెతికినప్పుడు మీరు దొరకాలి, ట్యాగు పని అంతే. #ఇండియా, #వైరల్ లాంటివాటిలో మీ పోస్టు క్షణాల్లో అడుగున పడిపోతుంది. పైగా అవి చూసేవాళ్లకి రక్తంతో పనిలేదు. మూడు నాలుగు చాలు: ఊరూ పనీ కలిపి ఒకటి (#తెనాలి_రక్తదాతలు), విషయానికి ఒకటి (#రక్తదానం), మీ సంస్థది ఒకటి. ప్రపంచ రక్తదాతల దినం జూన్ 14, మన జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం అక్టోబరు 1. ఆ రోజుల్లో ఇంకొకటి కలపండి. సంస్థ ట్యాగు ఖాయం చేసేముందు మూడు చోట్లా వెతకండి. ఇంకెవరో వాడుతుంటే వదిలేయండి.

మధ్యలో ఖాళీ, హైఫన్, చుక్క ఏది వచ్చినా ట్యాగు అక్కడే తెగుతుంది. #రక్తదాన శిబిరం అని రాస్తే లింకయ్యేది మొదటి మాటే. అండర్‌స్కోరు పెట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'రక్త'కి ఒకరు టీ, ఇంకొకరు టీహెచ్ వేస్తారు. అవి రెండు వేరే ట్యాగులు. ఒక స్పెల్లింగు తేల్చి వాలంటీర్ల గ్రూపులో పిన్ చేయండి, అందరూ అదే కాపీ చేసుకుంటారు. ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలైతే చూపులేనివారికి తెరమీది రాతని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాటల్ని విడదీసి చదవగలుగుతుంది.

అసలు చిక్కు 'అర్జెంట్' పోస్టులతో. ట్యాగులో అవి నెలల తర్వాత కూడా దొరుకుతాయి, ఎవరో నిజమనుకుని ఆసుపత్రికి పరుగెడతారు. తేదీ, బ్లడ్ గ్రూపు, యూనిట్లు, ఆసుపత్రి తప్పక రాయండి. అవసరం తీరగానే మొదటి లైన్లో 'అవసరం తీరింది' అని చేర్చండి, లేదా తీసేయండి. రోగి పేరు, ఫొటో, ఇంటివాళ్ల నంబరు వద్దే వద్దు. సంస్థ నంబరు ఇవ్వండి.

ప్రశ్న: వాలంటీర్లు అదే ట్యాగుతో పెట్టినవి బయటివాళ్లకి కనబడటం లేదెందుకు?

జవాబు: ఫేస్‌బుక్‌లో వాళ్ల పోస్టు 'ఫ్రెండ్స్'కే పరిమితమై ఉంటుంది, 'పబ్లిక్' చేయమనండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రైవేట్ ఖాతాలదీ అదే కథ.

ప్రశ్న: యూట్యూబ్‌లో ఎన్ని పెట్టొచ్చు?

జవాబు: 60 దాటితే యూట్యూబ్ మొత్తం ట్యాగుల్నీ పక్కన పెట్టేస్తుంది. అంతదాకా ఎందుకు, మూడు పెట్టండి. ఏది పనిచేస్తోందో తెలియాలంటే శిబిరంలో నింపించే ఫారంలో 'మా గురించి ఎక్కడ చూశారు?' అని ఒక గడి చేర్చండి. లైకుల లెక్క కంటే అదే నమ్మదగింది.