రోహిణి కార్తెలో ఫ్రెంచ్ బ్రెడ్

కాజీపేట,
మే 28

చి. బుజ్జమ్మకు పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో చెప్పినదంతా మీ పెద్దమ్మ కూడా విన్నది. "అడుగున రాయి, పైన తెల్లకాగితం, వాసన చూస్తే కల్లు ముంత" అని నీ రొట్టెను వర్ణించిన తీరు తలుచుకుని పొద్దుటి నుంచీ నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. ఆ మూడు గుర్తులు చెప్పగానే జబ్బేమిటో తెలిసిపోయింది. ఫోనులో చెబితే సగం వింటావు, మిగతా సగం మీ నాన్న టీవీ మింగేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు చూసి చేసిన పద్ధతిలో "గంటన్నర పొంగనివ్వాలి" అని ఉందన్నావు. గడియారం ముందు పెట్టుకుని సరిగ్గా గంటన్నర ఉంచావు. ఆ మాట రాసినవాళ్ల వంటింట్లో 24 డిగ్రీల వేడి ఉండి ఉంటుంది. కరీంనగర్‌లో మీ వంటింట్లో నిన్న మధ్యాహ్నం 38కి తక్కువ ఉంటుందా? ఈస్టు ప్రాణమున్నది. ఇలాంటి వేడిలో దానికి ఆకలి రెచ్చిపోతుంది. చేయవలసిన పని నలభై నిమిషాల్లోనే ముగించి, మిగతా సమయమంతా పిండిలో సహజంగా పుట్టే చక్కెరను తింటూ కూర్చుంది. రొట్టె పైపొరకు ఎరుపు తెచ్చేది ఆ చక్కెరే. అది లేకపోయేసరికి తెల్లగా పాలిపోయింది. గాలిని పట్టి ఉంచే జిగురు సాగి సాగి తెగింది, రొట్టె కూలి రాయి అయింది. ఇక వాసన సంగతి. తాటికల్లును పులియబెట్టేదీ ఈస్టే కదా, నీ గిన్నెలోనూ అదే పని చేసింది.

కాబట్టి నీ చేతిలో దోషం లేదు. మన దగ్గర ఫ్రెంచ్ బ్రెడ్ చేయడమంటే ఎండతో బేరమాడడం. ఆ సంగతి పద్ధతులు రాసేవాళ్లు రాయరు, వాళ్లకు రోళ్లు పగిలే రోహిణి కార్తె తెలియదు.

నా మొదటి రొట్టె కథ నీకు ఎవరూ చెప్పి ఉండరు, నేను చెప్పనివ్వలేదు. లోకో షెడ్డులో ముప్పై నాలుగేళ్లు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ని, పిండి ముద్ద ఒక లెక్కా అనుకున్నాను. మీ పెద్దమ్మ జొన్నరొట్టెకు సలసల కాగే నీళ్లు పోసి పిండి కలుపుతుంది. నేనూ అలాగే మైదాలో కాగే నీళ్లు పోసి, అందులో ఈస్టు చల్లాను. 60 డిగ్రీల వేడికే ఈస్టు చచ్చిపోతుందని అప్పుడు తెలియదు. జొన్నపిండిలో గ్లూటెన్ అనే జిగురు ఉండదు, అందుకే వేడినీళ్లతో పిండిని కొంత ఉడికించి అంటుకునేలా చేస్తారు. గోధుమలో ఆ జిగురు పుట్టుకతోనే ఉంది, చల్లని నీళ్లు తగిలినా లేస్తుంది. ఈ తేడా నాకు చెప్పినవాడు స్టేషన్ దగ్గర కట్టెల భట్టీ నడిపిన ఒక ముసలి బేకరీ ఆయన. రిటైరయ్యాక రెండు నెలలు తెల్లవారుజామునే వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. పులిసిన పిండిని ఆయన 'ఖమీర్' అనేవాడు. ఎండాకాలం వస్తే ఖమీర్‌కు దొంగబుద్ధి పుడుతుంది, కన్ను తిప్పితే పారిపోతుంది అనేవాడు. ఆయన చేసింది మనందరం తినే తియ్యటి మెత్తటి బ్రెడ్డే, చక్కెరా నూనే వేసి. అయినా ఖమీర్ ఎక్కడైనా ఖమీరే.

ఫ్రెంచ్ బ్రెడ్‌లో ఉండేవి నాలుగే: మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్టు. చక్కెర, పాలు, నూనె ఏవీ ఉండవు. సంప్రదాయ ఫ్రెంచ్ రొట్టె అన్న పేరుతో అమ్మేదాంట్లో రసాయనాలు కలపకూడదనీ, ఏ దశలోనూ డీప్ ఫ్రీజ్ చేయకూడదనీ ఫ్రాన్స్ ప్రభుత్వం 1993లో ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఉన్నవే నాలుగు గనుక దేన్నీ ఉజ్జాయింపుగా వేయడానికి లేదు. గ్లాసులు, కప్పులు పక్కన పెట్టి, గ్రాములు చూపించే చిన్న త్రాసు కొనుక్కో. మీ నాన్న అడిగితే నా పేరు చెప్పు.

మైదా 400 గ్రాములు, నీళ్లు 256, ఉప్పు 8. ఫ్రెంచివాళ్ల పిండికి మన మైదాకంటే కాస్త ఎక్కువ నీళ్లు పట్టవచ్చు. మన మైదా అంత తాగలేదు, నూటికి 64 దగ్గర ఆపు. ప్యాకెట్ వెనక ప్రొటీన్ ఎంతో చూడు, 100 గ్రాములకు 10 గానీ 11 గానీ ఉన్నది తీసుకో. గోధుమపిండితో చేస్తానని మొదలుపెట్టకు. అందులోని తవుడు జిగురు పోగులను కోసేస్తుంది. చేయి తిరిగాక పావు వంతు కలుపుకోవచ్చు. మైదా మంచిది కాదని మీ అమ్మ అంటుంది, నిజమే, రోజూ తినమని నేనూ చెప్పడం లేదు.

ఈస్టు ఈ నెలలో పావు టీస్పూను చాలు, డిసెంబరులో అర. ఇన్‌స్టంట్ అని రాసి ఉన్న చిన్న ప్యాకెట్టు కొని, విప్పాక గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు. పాత ఈస్టు మీద అనుమానం ఉంటే గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెరతో వేసి చూడు. పది నిమిషాల్లో నురుగు రాకపోతే పారేయి.

ఇప్పుడు అసలు లెక్క. పిండి ముద్ద కలిపి ముగించేసరికి 25 డిగ్రీల దగ్గర ఉండాలి. దానికి బేకరీవాళ్లు వాడే కిటుకు ఒకటుంది. 25ను మూడుతో హెచ్చిస్తే 75. అందులోంచి గది వేడి తీసేయి, పొడి మైదా వేడి తీసేయి. మిగిలిందే నీళ్లకు ఉండవలసిన వేడి. జనవరిలో గది 24, పిండి 24 అనుకుంటే నీళ్లు 27, అంటే కుళాయి నీళ్లు సరిపోతాయి. ఇవాళ గది 38, పిండి 38. లెక్క వేస్తే సున్నాకంటే ఒకటి తక్కువ వస్తుంది, గిన్నెలో మంచుగడ్డలు పోయాలి! నిన్న ఇదే లెక్క నువ్వు వేసి ఉంటే నీకే నవ్వు వచ్చేది. అందుకని ముందు రోజు రాత్రే మైదాను ఫ్రిజ్‌లో పెట్టు. అది 10 డిగ్రీలకు దిగితే నీళ్లు 27 ఉన్నా చాలు, రంజన్ నీళ్లే పోసుకోవచ్చు. లెక్క కచ్చితమైనది కాదు, అడుగు జారకుండా పట్టుకునే చేతికర్రలాంటిది. చిన్న థర్మామీటరు ఒకటి ఉంటే ఇంకా మేలు.

సాయంత్రం ఆరు దాటాక మొదలుపెట్టు. ముందు మైదా, నీళ్లు మాత్రమే కలిపి అరగంట మూతపెట్టి వదిలేయి. ఇది రేమండ్ కాల్వెల్ అనే ఫ్రెంచి పెద్దాయన నేర్పిన పద్ధతి. ఆ అరగంటలో పిండి నీళ్లు తాగి తనంతట తానే సగం జిగురు కడుతుంది, మన చేతులకు సగం పని తప్పుతుంది. తరువాత ఈస్టు, ఉప్పు వేసి ఐదారు నిమిషాలు పిసుకు. చపాతీ పిండిలా గట్టిగా లేదని కంగారుపడి పొడిపిండి చల్లకు. చేతికి అంటుతుంది, అంటనివ్వు, చేయి తడి చేసుకుని పని చేయి. నా తరువాతి పది రొట్టెలు పాడైంది ఈ పొడిపిండి చల్లే జబ్బు వల్లే.

ఆపైన ఇరవై నిమిషాలకొకసారి మూడుసార్లు, ముద్దను ఒక అంచున పట్టి పైకి సాగదీసి మధ్యలోకి మడవాలి, గిన్నె తిప్పుతూ నాలుగు వైపులా. మొదటిసారి తెగుతుంది. మూడోసారికి పట్టుచీర మడతలా నున్నగా సాగుతుంది. మధ్యలో గిన్నెను చల్లటి నీళ్లున్న పళ్లెంలో కూర్చోబెట్టు. మూడో మడత కాగానే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసి, నువ్వు పడుకో.

ఈ రాత్రి నిద్రే మనవాళ్లకు వరం. ఫ్రిజ్ చలికి ఈస్టు బాగా మందగిస్తుంది. కానీ పిండిలోని ఎంజైములు గంజిని చక్కెరగా మార్చే పని మెల్లగా సాగిస్తూనే ఉంటాయి. తెల్లవారేసరికి రుచి నిండుతుంది, రంగుకు కావలసిన చక్కెరా మిగులుతుంది. గంటన్నరలో చేసిన రొట్టెకు ఈ రుచి ఎప్పటికీ రాదు. దోశపిండి అప్పటికప్పుడు రుబ్బి పోసినదానికీ రాత్రంతా పులిసినదానికీ ఉండే తేడా నీకు తెలుసు.

పొద్దున ఐదింటికి లే. ఎండ రాకముందే పని కావాలి. ముద్దను పళ్లెం మీద వంచి, అంచులన్నీ లోపలికి మడిచి, బోర్లించి, రెండు చేతులతో నీవైపు లాక్కుంటూ గుండ్రంగా బిగించు. పైపొర డప్పు తోలులా బిగుసుకోవాలి. అవును, గుండ్రంగానే. కర్రలాంటి పొడవాటి రొట్టె కావాలని నీకు తహతహ అని తెలుసు. ఫ్రెంచిలో బాగెట్ అన్న మాటకు అర్థమూ కర్ర అనే. దుకాణంలో చేసేది అరవై సెంటీమీటర్ల దాకా ఉంటుంది, నీ ఓటీజీలో, అంటే ఆ చిన్న కరెంటు ఓవెన్‌లో, పట్టేది ముప్పై. దాన్ని చుట్టడం, ఎత్తడం, ఆవిరి పట్టించడం అన్నీ కష్టమే. ముందు పది గుండ్రటి రొట్టెలు చేయి. ఫ్రెంచివాళ్లు దీన్ని బూల్ అంటారు, ఇదీ అసలైన ఫ్రెంచి రొట్టే.

ఒక గిన్నెలో పాత ధోవతి గుడ్డ పరిచి, బియ్యప్పిండి దండిగా రుద్ది, ముద్దను బోర్లా పెట్టు. మైదా అయితే గుడ్డకు పట్టుకుంటుంది, బియ్యప్పిండి పట్టదు. ఎంతసేపు ఉంచాలని అడగకు. వేలికి పిండి అద్ది అర అంగుళం నొక్కి చూడు. గుంట టక్కున పూడితే ఇంకా కావాలి. మెల్లగా, బద్ధకంగా పైకి వస్తే ఓవెన్‌లో పెట్టే సమయం. అసలే రాకపోతే ఆలస్యమైంది, అయినా కాల్చు, తినవచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసింది కనుక ఈ రోజుల్లో నలభై నిమిషాలకూ గంటకూ మధ్య పడుతుంది. నమ్మవలసింది వేలినే.

ఓటీజీని అరగంట ముందే వెలిగించి, వేడి మీటను చివరిదాకా తిప్పు. 250 ఉంటే 250, లేకపోతే 230. ప్లగ్గును ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్లోనే పెట్టాలి. మామూలు సాకెట్లో పెట్టి నేను ఒకటి కరిగించాను. లోపల కింది అరలో మందపాటి ఇనుప దోశ పెనం కూడా వేడెక్కాలి. ప్లాస్టిక్ పిడి ఉన్న పెనం వద్దు.

ఆవిరి గురించి కాస్త ఓపికగా చదువు. మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు రొట్టె చుట్టూ ఆవిరి ఉంటే పైపొర మెత్తగా ఉండి, రొట్టె లోపలి నుంచి ఉబ్బడానికి దారి ఇస్తుంది. ఆవిరి లేకపోతే ముందే గట్టిపడి, రొట్టె ఎక్కడో పక్కన పగిలి ఊరుకుంటుంది. చాలామంది కింద పళ్లెం పెట్టి నీళ్లు పోయమంటారు. ఓటీజీలో ఆ పని వద్దు. చుక్క పడితే వేడి అద్దం పగలవచ్చు, రాడ్ల మీద పడితే ఇంకా ప్రమాదం. పైగా ఆ ఆవిరంతా సందుల్లోంచి పోతుంది. నా ఉపాయం మన సర్వపిండికి మూత పెట్టినట్టే. రొట్టెను పెనం మీదకు దించి, దాని మీద లోతైన స్టీలు గిన్నె బోర్లించు. పిండిలోని తేమే ఆవిరై లోపల నిలుస్తుంది. గిన్నె ఓవెన్ ఎత్తుకు పడుతుందో లేదో చల్లగా ఉన్నప్పుడే చూసుకో. వేడి పెనం చేత్తో పట్టుకుని గిన్నె పట్టక నిలబడ్డవాణ్ని నేను.

దించేముందు గడ్డం గీసుకునే కొత్త బ్లేడుతో పైన ఒకే గాటు పెట్టు, నిలువుగా కాకుండా ఏటవాలుగా, సెంటీమీటరు లోతున, ఒక్క ఊపులో. భయపడుతూ కోస్తే పిండి బ్లేడును పట్టుకుని చిరుగుతుంది. ఇరవై నిమిషాలయ్యాక గిన్నె తీసేసి మరో ఇరవై నిమిషాలు కాలనివ్వు. బంగారు రంగు రాగానే తీసేయాలనిపిస్తుంది, తీయకు. ఇటుక రంగు దాటి గాటు అంచులు నల్లబడబోతుండగా తీయి. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకుండా కూర్చో, లోపలి వేడి పది నిమిషాలు పని చేస్తుంది.

తీసి జాలీ మీద పెట్టాక చెవి దగ్గర పెట్టి విను. పైపొర చిటపటమంటుంది. ఆ చప్పుడుకే మీ పెద్దమ్మ నా మైదా ఖర్చంతా క్షమించింది. గంట దాకా కోయకు, లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. కోసినప్పుడు చిన్నా పెద్దా బొరియలు కలగలిసి కనిపిస్తే నెగ్గావు. నీ చిన్నప్పుడు పాలంపేట తీసుకెళ్లి, రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయంటే నువ్వు నమ్మలేదు, గుర్తుందా? వాటి బరువు తగ్గించింది లోపలి బొరియలే. రామప్పకు యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది, ఆ మరుసటి ఏడాదే బాగెట్ చేసే విద్యకూ వచ్చింది. యునెస్కోకు బొరియలంటే ఇష్టమేమో అని మీ పెద్దమ్మతో అంటే పట్టించుకోలేదు.

నూనె లేని రొట్టె కనుక మర్నాటికి ఎండిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా పాతబడుతుంది, గుడ్డలో చుట్టి బయటే ఉంచు. మిగిలితే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో వేసి, కావలసినప్పుడు నీళ్లు చిలకరించి వేడి చేసుకో. మా ఇంట్లో ఎండిన ముక్కలు పచ్చిపులుసులో ముంచుకుని తింటాం. ఫ్రెంచివాళ్లు చూస్తే ఏమంటారో తెలియదు గానీ, ఈ నెల కొత్త మామిడికాయ తొక్కుతో తిన్నాక నేను వాళ్లను అడగదలచుకోలేదు.

వచ్చే ఆదివారం మీరు వస్తున్నారట. శనివారం రాత్రి పిండి కలుపు, తెల్లవారి కాల్చు. బస్సులో రెండు గంటలు కనుక ప్లాస్టిక్ కవరులో పెట్టకు, పైపొర చెమర్చి మెత్తబడుతుంది. నూలు సంచిలో తీసుకురా. రాయి అయినా తీసుకురా, కోసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దనాన్న

తా.క. వాడిన బ్లేడును కాగితంలో చుట్టి పారేయి. మీ నాన్న దానితోనే గడ్డం గీసుకుంటానంటాడు, వాడి సంగతి నాకు తెలుసు.