పిడికెడు ముందే తీయాలి

సికింద్రాబాదు

నాయనా, ప్రభువు నామంలో దీవెనలు.

మాదాపూర్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రాత్రే మీ పెద్దమ్మ, నేను మోకరించి స్తోత్రం చెప్పుకున్నాం. దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు దేవునికివ్వడం, ఇప్పుడే మొదలుపెట్టాలా, చదువు అప్పు తీరాకా అని అడిగావు. ఇప్పుడే మొదలుపెట్టు. పదో వంతు కుదరకపోతే కుదిరినంతే తీయి. అయితే బ్యాంకు వాయిదా ఎగ్గొట్టి కానుక వేయవద్దు. ఎవరికీ ఏమీ అచ్చి ఉండవద్దని, అంటే బాకీ పడవద్దని, పౌలు రోమా సంఘానికి రాసినదీ వాక్యమే.

వెయ్యి ఇస్తే లక్ష వస్తుందని ఫోనులో ఎవరో బోధించారన్నావు. నమ్మకు. దేవుడితో వడ్డీ వ్యాపారం చేయలేం. బైబిల్లో మలాకీ గ్రంథం మూడో అధ్యాయంలో ఆకాశపు వాకిళ్లు విప్పుతానన్న మాట ఉంది, నిజమే. కానీ దానికి ముందే, మందిరంలో ఆహారం ఉండాలన్న మాట ఉంది. ఎవరి ఆహారం? ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం తీసి చూడు. మూడేళ్లకోసారి ఆ పదో వంతును ఊళ్లోనే ఉంచాలి; మందిర సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు తృప్తిగా తినాలి.

మీ నాయనమ్మ ఎసరు పెట్టాక, బియ్యం కడగకముందే చేటలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న డబ్బాలో వేసేది. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్లేది. ఒక ఏడు ఇంట్లో నూకలే మిగిలాయి. ఆ రోజుల్లో నూకలే వేసింది. అన్నం వండి, అందరం తిన్నాక మిగిలితే చూద్దామనుకుంటే ఆ డబ్బా అడుగు కూడా నిండేది కాదు. నువ్వూ జీతం పడిన రోజే కానుక విడిగా తీసి పెట్టు. అద్దె, మెస్సు, బండి పెట్రోలు తర్వాత.

ఇంకొక మాట. ఇచ్చే ముందు ఎదుటివారిని అడుగు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. గాంధీ ఆసుపత్రి బయట రోగుల బంధువులకు భోజనం పొట్లాలు పంచుతుంటే ఒకామె తీసుకోలేదు. నాకు కోపం వచ్చింది. కూర్చుని అడిగితే, ఫోనులో డబ్బులు అయిపోయి ఊళ్లో ఉన్న పిల్లలతో మాట్లాడి నాలుగు రోజులైందని చెప్పింది. రీచార్జి చేయించాను. అక్కడే గోడకు ఆనుకుని, పిల్లవాడు అన్నం తిన్నాడా లేదా అని మూడుసార్లు అడిగింది. ఆ తర్వాతే పొట్లం విప్పింది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మెట్టుగూడ ఇంటికి రా. భోంచేసి, సాయంత్రం ఇద్దరం గాంధీ దాకా వెళ్లి వద్దాం.

మీ పెదనాన్న