మాత్రలు మానేసి ప్రోబయోటిక్ వాడొచ్చా?

ప్రశ్న: మా ఆయనకి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాపు, పుండ్లు వచ్చే జబ్బు). రెండేళ్లుగా ఆ వాపు తగ్గించే మెసలమిన్ మాత్రలు వాడుతున్నారు, ఈ మధ్య బాగానే ఉన్నారు. ఆఫీసులో ఎవరో చెప్పారని ఆ మాత్రలు పక్కన పెట్టేసి ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) సాచెట్లు తాగుతున్నారు. అడిగితే ‘ఇదీ మందే, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఆయన డాక్టర్‌కి ఫోన్ చేసి మాత్రలు మానేసిన సంగతి చెప్పండి, రేపటికి వాయిదా వేయకండి. బాగున్నారంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. మానేస్తే మళ్లీ తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది.

ప్రోబయోటిక్స్ అంతా ఒట్టిదని నేననను. 2009లో వచ్చిన మన దేశపు అధ్యయనంలో జబ్బు ఓ మోస్తరుగా ఉన్న 147 మందిని తీసుకుని, కొందరికి ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపిన పొడి, మిగతావారికి ఉత్తుత్తి పొడి ఇచ్చారు. 12 వారాలకి జబ్బు అణిగినవాళ్లు మొదటి గుంపులో దాదాపు 43 శాతం, రెండో గుంపులో 16 శాతం. కానీ డోసు చూడండి, పూటకి 3.6 లక్షల కోట్ల బ్యాక్టీరియా, రోజుకి రెండు పూటలు! మందుల షాపులో మామూలుగా దొరికే సాచెట్‌లో అందులో చిన్న వంతే ఉంటుంది, రకం కూడా వేరు. ఒక రకానికి వచ్చిన ఫలితం ఇంకో రకానికీ వస్తుందని చెప్పలేం. పైగా కొన్నిటిని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, చెన్నై ఎండలో కొరియర్ సంచిలో తిరిగి వచ్చిన దాంట్లో ఎన్ని బతికి ఉంటాయో! అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో, పరిశోధనల్లో తప్ప ఈ జబ్బుకి ప్రోబయోటిక్స్ ఇవ్వమని సిఫారసు చేయలేమంది. పేగుల్లో వాపు తెచ్చే ఇలాంటిదే ఇంకో జబ్బు, క్రోన్స్‌కైతే పనిచేస్తాయనడానికి గట్టి ఆధారమే లేదు.

అందుకే, వాడాలనిపిస్తే మెసలమిన్‌తో పాటే, సాచెట్ మీద రాసిన రకం, డోసు డాక్టర్‌కి చూపించాకే. స్టెరాయిడ్లో, రోగనిరోధక శక్తిని తగ్గించే అజాథయోప్రిన్ లాంటి మందులో వాడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అరుదుగానైనా ఈ బ్యాక్టీరియాతోనే ఇన్ఫెక్షన్ రావచ్చు. పెరుగు, మజ్జిగ పడితే హాయిగా తీసుకోనివ్వండి, అది తిండి, వైద్యం కాదు.

లోపల వాపు ఎలా ఉందో మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షతో చాలావరకు తెలుస్తుంది, అడిగి చేయించండి. ఈలోగా రోజుకి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ రక్తంతో విరేచనాలైనా, జ్వరం తోడైనా సాచెట్ల ఊసెత్తకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.