పొలమారి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదమా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకసారి పొలమారి, కాసేపు దగ్గాక సర్దుకుంటే టెన్షన్ పడనక్కర్లేదు. మింగేటప్పుడు శ్వాసనాళం మీదున్న చిన్న మూత వాలి దారి మూసేస్తుంది, ఆ క్షణం ఊపిరి కూడా ఆగుతుంది. నవ్వుతూనో మాట్లాడుతూనో మింగితే ఈ వరస తప్పుతుంది. కొద్దిగా నీళ్లు జారినా దగ్గు చాలావరకు బయటికి నెట్టేస్తుంది.

నిజంగా భయపడాల్సింది దగ్గు రానివాళ్ల విషయంలో. పక్షవాతం, పార్కిన్సన్స్ (చేతులు వణికే, కదలికలు మందగించే మెదడు జబ్బు) ఉన్నవాళ్లలో ఆహారం చప్పుడు లేకుండా లోపలికి జారిపోవచ్చు. దాంతోపాటు నోట్లోని బ్యాక్టీరియా చేరితే న్యుమోనియా (ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్) రావచ్చు. శ్వాసనాళం రెండుగా చీలే చోట కుడివైపు గొట్టం కాస్త వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి తరచూ దెబ్బతినేది కుడి ఊపిరితిత్తే. తిన్న వెంటనే గొంతు తడిగా, గరగరలాడుతూ వినిపిస్తే అనుమానించండి. అలాంటివాళ్లను నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు నిదానంగా పెట్టాలి. రోజూ పళ్లు శుభ్రం చేయడం చాలామంది పట్టించుకోరు గానీ, న్యుమోనియా ముప్పు తగ్గించడానికి అదీ సాయపడుతుంది.

పొలమారిన ఒకటి రెండు రోజుల్లో జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే డాక్టర్‌కి చూపించుకోండి. చిన్నపిల్లలు గింజ తింటూ ఉక్కిరిబిక్కిరయ్యి, తర్వాత పిల్లికూతలు వినిపిస్తే, దగ్గు తగ్గినా సరే, ఆగకుండా తీసుకెళ్లండి.

మాట, దగ్గు రెండూ రాకపోతే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. అంబులెన్స్‌కి ఫోన్ చేయించి, ముందుకు వంచి భుజాల మధ్య 5 సార్లు గట్టిగా చరచండి. నీళ్లు మాత్రం తాగించొద్దు.