సీటు కనిపించాకే పాయింట్లు కదపండి

ఫోన్ బ్యాటరీలు, వేడెక్కే ల్యాప్‌టాప్‌ల సందేహాలన్నీ వచ్చే వారానికి వాయిదా. క్రెడిట్ కార్డు పాయింట్లతో విదేశాలు తిరగడం గురించి ఒక్కసారే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కాబట్టి ఈసారి అవే. అడిగిన తీరు వేరైనా చాలామందిది ఒకటే గోల: స్క్రీన్ మీద సీటు ఉంటుంది, చేతికి టికెట్ రాదు.

"వచ్చే ఏడాదికి మా పెళ్లయి పాతికేళ్లు. మా ఆవిడను సింగపూర్, జపాన్‌లకు బిజినెస్ క్లాస్‌లో తీసుకెళ్లాలని ఉంది. కార్డులో 3 లక్షలకు పైగా పాయింట్లున్నాయి. పాయింట్ల సీట్లు వెతికే ఒక సైట్‌లో సీట్లు బోలెడు చూపిస్తోంది, తీరా ఎయిర్‌లైన్ సైట్‌లోకి వెళ్తే ఒక్కటీ లేదు. ఏది నమ్మాలి? పాయింట్లన్నీ ముందే మైళ్లుగా మార్చి పెట్టుకోమంటారా?" (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు)

వద్దండీ, మార్చకండి. (మైళ్లంటే ఎయిర్‌లైన్ దగ్గర ఉండే పాయింట్లే.) ముందు ఆ మాయ సీట్ల సంగతి చెబుతాను.

సీట్స్ డాట్ ఏరో లాంటి సైట్లు మీరు వెతికిన క్షణంలో ఎయిర్‌లైన్‌ను అడగవు. వాటి ప్రోగ్రాములు అప్పుడప్పుడు ఎయిర్‌లైన్ల సైట్లలోకి వెళ్లి, దొరికింది తెచ్చి తమ దగ్గర దాచుకుంటాయి. మీకు చూపించేది ఆ దాచిన కాపీ, అది పొద్దున తీసిందో నిన్న తీసిందో. ఫలితం పక్కన ఎంతసేపటి కిందటిదో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూడకుండా సంబరపడేవాళ్లే ఎక్కువ. పైగా ఉచితంగా అయితే దగ్గర్లోని 60 రోజుల వరకే చూపిస్తుంది, ఆపైన కావాలంటే నెలనెలా డబ్బు కట్టాలి.

రెండోది, విమానంలో బిజినెస్ క్లాస్ సగం ఖాళీగా ఉన్నంత మాత్రాన పాయింట్లకు సీటు ఉన్నట్టు కాదు. ఎయిర్‌లైన్ తన సీట్లను అక్షరాల పేర్లతో అరలుగా విడగొడుతుంది, పాయింట్ల టికెట్లకు వేరే అర. స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలోని కంపెనీలు ఒకదాని సీట్లు ఇంకొకటి ఇచ్చేటప్పుడు ఎకానమీకి ఎక్స్, బిజినెస్‌కు ఐ, ఫస్ట్ క్లాస్‌కు ఓ అనే అరలు వాడతాయి. ఐ అరలో సున్నా ఉందంటే, డబ్బుకు ఇరవై సీట్లు అమ్ముతున్నా మీ మైళ్లకు మాత్రం లేదన్నమాటే.

మీ ప్రయాణానికి ఇంకో తిరకాసు కూడా ఉంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన దూరప్రయాణ బిజినెస్, ఫస్ట్ సీట్లను చాలావరకు సొంత మైళ్ల పథకమైన క్రిస్‌ఫ్లయర్ సభ్యులకే అట్టిపెట్టుకుంటుంది. ఎయిర్ ఇండియా కూడా 2014 నుంచి స్టార్ అలయన్స్‌లోనే ఉంది కదా, దాని మహారాజా క్లబ్ పాయింట్లతో ఆ సీటు కొట్టేద్దాం అనుకుంటే అవి అసలు కనిపించకపోవచ్చు. శంషాబాద్ నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లోనే వెళ్లాలనుకుంటే మీ పాయింట్లు క్రిస్‌ఫ్లయర్‌కు వెళ్లే రకమేనా, ఎన్నింటికి ఎన్ని మైళ్లు ఇస్తారు, నెలకో ఏడాదికో పరిమితి ఉందా, ఇవి మీ బ్యాంకు యాప్‌లో ఇవాళే చూడండి. ఈ రేట్లను బ్యాంకులు చెప్పాపెట్టకుండా తగ్గించేస్తున్నాయి కాబట్టి పాత యూట్యూబ్ వీడియో నమ్ముకుని కూర్చోవద్దు.

మార్చడం ఎందుకు వద్దన్నానంటే, బ్యాంకు నుంచి మైళ్లుగా మారిన పాయింట్లు వెనక్కి రావు. పితికిన పాలు మళ్లీ పొదుగెక్కవు. నా అనుభవమే చెబుతాను. ఓ రాత్రి పదకొండింటికి యాప్‌లో సీట్లు కనిపించగానే చేతిలో ఉన్న పాయింట్లన్నీ ఒక ఎయిర్‌లైన్‌కు పంపేశాను. అవి చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. సీట్లు ఆ మర్నాడే పోయాయి. ఆ మైళ్లతో ఇంకేదీ కుదరక, చివరికి కాలం చెల్లి సున్నా అయ్యాయి. ఇంట్లో ఇప్పటికీ అడుగుతుంటారు, ఆ మైళ్లెక్కడున్నాయని.

అందుకని ఇలా చేయండి. ఇవాళే ఇద్దరికీ క్రిస్‌ఫ్లయర్ ఖాతాలు తెరవండి, ఉచితమే. పాయింట్లు మీ ఖాతాలో పడతాయి కాబట్టి మీ ఆవిడ టికెట్ కూడా అందులోంచే తీయాలంటే ఆమెను నామినీగా చేర్చాలి, ఐదుగురి వరకు చేర్చుకోవచ్చు. ఇది ముందే చేసి పెట్టుకోండి, సీటు కనిపించిన రాత్రి హడావుడిలో చేస్తే పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్ తప్పు కొడతారు. తర్వాత బ్యాంకు అనుమతించే కనీస పాయింట్లు మాత్రం ఒకసారి పంపి చూడండి. పేర్లు సరిపోయాయో లేదో, ఎన్ని రోజులు పడుతుందో దాంతోనే తేలిపోతుంది. ఆ కొద్ది మైళ్లకు మూడేళ్ల ఆయుష్షు ఉంటుంది, వృథా పోవు.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ సీట్లు ప్రయాణానికి 355 రోజుల ముందు తెరుచుకుంటాయి. మీకు వచ్చే ఏడాది అంటున్నారు కాబట్టి సమయం మీ వైపే ఉంది. వెతికేటప్పుడు మొత్తం ప్రయాణం ఒకేసారి కొట్టకుండా హైదరాబాద్ నుంచి సింగపూర్ విడిగా, సింగపూర్ నుంచి టోక్యో విడిగా చూడండి, ఏ ముక్క దగ్గర ఆగుతోందో తెలుస్తుంది. రెండూ దొరికిన తేదీలు పట్టుకుని అప్పుడు కలపండి. తక్కువ మైళ్లకు వచ్చే సేవర్ రకం రానుపోను టికెట్ తీస్తే దారిలో ఒక స్టాపోవర్ అందులోనే వస్తుంది. అంటే సింగపూర్‌లో మూడు రోజులు ఆగి జపాన్ వెళ్లడానికి వేరే టికెట్ అక్కర్లేదు. టోక్యోలో దిగి ఒసాకా నుంచి తిరిగి రండి, మధ్యలో బుల్లెట్ రైలు రెండున్నర గంటలు. సీటు బదులు వెయిట్‌లిస్ట్ అని వస్తే మాత్రం దాన్ని నమ్ముకుని హోటళ్లు బుక్ చేయకండి.

లాభమా నష్టమా అని చూసే లెక్క ఎక్సెల్‌లో ఒక్క గడి పని. డబ్బు పెట్టి కొంటే అయ్యే ధరలోంచి, పాయింట్ల టికెట్‌కు మీరు కట్టాల్సిన పన్నులు తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించండి. ఊరికే ఉదాహరణకు టికెట్ 2,40,000 రూపాయలు, పాయింట్లతో అయితే 80,000 మైళ్లు ప్లస్ 12,000 పన్ను అనుకుంటే, మైలుకు 2 రూపాయల 85 పైసలు. అదే బ్యాంకు పోర్టల్‌లో విమానం టికెట్‌కు వాడితే పెద్ద కార్డులకు పాయింటుకు రూపాయి, మిక్సీలూ వోచర్లూ తీసుకుంటే అంతకంటే తక్కువ. ఒక పాయింటుకు ఒక మైలు రాకపోతే ఆ నిష్పత్తి కూడా లెక్కలో వేయాలి. ఒక్క మాట మాత్రం నిజం చెప్పుకోవాలి. పాయింట్లు లేకపోతే మీరు ఎలాగూ ఎకానమీలోనే వెళ్లేవాళ్లయితే, పోల్చాల్సింది ఎకానమీ ధరతో. 2,40,000 ఆదా అయిందని చుట్టాలకు చెప్పుకోవచ్చు గానీ అంత ఆదా కాలేదు.

హోటళ్ల సంగతి క్లుప్తంగా. మారియట్ పాయింట్లుంటే ఒకే హోటల్లో వరుసగా ఐదు రాత్రులు తీసుకోండి, ఒక రాత్రి పాయింట్లు మినహాయిస్తారు. వాటిని మైళ్లుగా మార్చకండి, 60,000 ఇస్తే చాలా ఎయిర్‌లైన్లలో 25,000 మైళ్లే వస్తాయి.

"బ్యాంకు నుంచి మైళ్లు పంపితే పేరు సరిపోలేదని తిప్పి కొట్టింది. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. బ్యాంకులో ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత పేరు. ఎయిర్‌లైన్ ఫారమేమో సర్‌నేమ్ ఇవ్వందే ముందుకు కదలదు." (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

మనవాళ్లకు ఈ కష్టం పుట్టుకతో వచ్చింది. ఇంటిపేరు ముందు రాసుకుంటాం, సగంమంది దాన్ని ఒక్క అక్షరానికి కుదించేస్తాం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు ఈ గొడవ తెలియదు. రెండు చోట్ల పేర్లు పక్కపక్కన పెట్టి అక్షరాలు పోలుస్తుంది, తేడా వస్తే పక్కన పడేస్తుంది.

దేన్ని దేనికి సరిచేయాలి అంటే, అన్నిటినీ పాస్‌పోర్టుకే. బ్యాంకుకు వెళ్లి పాస్‌పోర్టు చూపించి కేవైసీలో పూర్తి పేరు పెట్టించండి. ఎయిర్‌లైన్ ఫారంలో సర్‌నేమ్ తప్పనిసరి అయితే ఒక్కో కంపెనీ పద్ధతి ఒక్కోలా ఉంటుంది. కొన్ని ఉన్న ఒక్క పేరునే రెండు గడుల్లోనూ రాయమంటాయి, కొన్ని ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పెట్టమంటాయి. ఖాతా తెరవక ముందే వాళ్ల కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. ఎందుకంటే మైళ్లు పడ్డాక పేరు మార్చమంటే పాస్‌పోర్టు కాపీలు అడుగుతారు, రోజులు పడుతుంది.

నన్నడిగితే మాత్రం పాస్‌పోర్టును రీఇష్యూకు పెట్టి, ఇంటిపేరును సర్‌నేమ్ గడిలోకి తెచ్చుకోవడమే శాశ్వత వైద్యం. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పినప్పుడు ఎంతమంది ఖంగు తిన్నారో ట్రావెల్ ఏజెంట్లను అడగండి. కాకపోతే చేతిలో వీసా ఉండగా, టికెట్ తీశాక ఈ పని మొదలుపెట్టకండి.

"డాలస్‌లో ఉంటాం. ఇండియా వస్తూ దారిలో వారం రోజులు జర్మనీ, ఆస్ట్రియా చూడాలని ఉంది. చేజ్, అమెక్స్ కార్డుల పాయింట్లున్నాయి. ఒకే లుఫ్తాన్సా ఫ్లైటుకు ఒక్కో మైళ్ల ప్రోగ్రాంలో ఒక్కో రేటు చూపిస్తోంది. సైట్ తప్పా?"

సైట్ తప్పు కాదు. విమానం లుఫ్తాన్సాదే అయినా టికెట్ అమ్మే దుకాణాలు వేరు, ఎవరి ధర వాళ్లది. లుఫ్తాన్సా వాళ్ల సొంత మైల్స్ అండ్ మోర్‌లో తీస్తే మైళ్లతో పాటు సర్‌చార్జీ బాగా పడుతుంది. అదే సీటును ఎయిర్ కెనడా ఏరోప్లాన్ పాయింట్లతో తీస్తే ఆ సర్‌చార్జీ ఉండదు, ఎయిర్‌పోర్టు పన్నులూ, భాగస్వామి ఫ్లైటుకు 39 కెనడా డాలర్ల ఫీజూ చాలు. చేజ్ నుంచీ అమెక్స్ నుంచీ ఏరోప్లాన్‌కు ఒకటికి ఒకటి చొప్పున వెళ్తాయి, రెండు కార్డులవీ ఒకే చోట కలుస్తాయి కూడా.

మీకు నచ్చేది ఇంకోటుంది. ఏరోప్లాన్‌లో ఒకవైపు టికెట్‌కు 5,000 పాయింట్లు అదనంగా ఇస్తే దారిలో ఒక ఊళ్లో 45 రోజుల వరకు ఆగొచ్చు. డాలస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ వారం, రైల్లో ఆస్ట్రియా వెళ్లి తిరిగొచ్చి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా హైదరాబాద్. ఆ నేరు ఫ్లైటును లుఫ్తాన్సా 2024 జనవరిలో మొదలుపెట్టింది. వెతికే పేజీలో స్టాపోవర్ చేర్చే వీలుంది, ఫోన్ చేయక్కర్లేదు. ఇండియా పాస్‌పోర్టు అయితే షెంగెన్ వీసా మరచిపోకండి, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. డిసెంబరు సెలవుల్లోనే రావాలంటే మాత్రం చెప్పలేను, అమెరికాలో ఉన్న మనవాళ్లందరూ ఆ రెండు వారాల మీదే పడతారు.

ఏరోప్లాన్‌లో బుక్ అయ్యాక మెయిల్‌లో 014తో మొదలయ్యే 13 అంకెల టికెట్ నంబరు ఉందో లేదో చూడండి. ఆరక్షరాల పీఎన్ఆర్ ఒక్కటే ఉంటే టికెట్ ఇంకా పుట్టలేదని అర్థం. లుఫ్తాన్సా పీఎన్ఆర్ వేరుగా ఉంటుంది, అది కనుక్కుని వాళ్ల సైట్‌లో సీట్లు ఎంచుకోండి.

"విదేశంలో ఉన్నప్పుడు బ్యాంకు ఓటీపీలు ఎలా?" (విశాఖపట్నం)

ఫోన్ రెండు సిమ్‌లది అయితే సులువు. డేటాకు అక్కడి ఈ-సిమ్ వేసుకోండి, మన సిమ్‌ను తీయకుండా డేటా రోమింగ్ మాత్రం ఆపేసి ఉంచండి. వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా చార్జీ ఉండదు, కాకపోతే ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించాలి, రీచార్జి తిరిగొచ్చేదాకా ఉండాలి. ఈ-సిమ్‌కు జాగా కోసమని బయల్దేరే ముందురోజు మన సిమ్‌ను మార్చకండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి, ఎయిర్‌పోర్టులో కూర్చుని ఓటీపీ రాలేదని టెన్షన్ పడాల్సి వస్తుంది.

"పదేపదే వెతికితే రేటు పెంచేస్తారట, ఇన్‌కాగ్నిటోలో చూడాలట కదా?"

అరల కథ పైన చెప్పాను. చవక అర అయిపోతే తర్వాతి అర ధర కనిపిస్తుంది, మీ బ్రౌజర్ మీద పగేమీ లేదు. ఇన్‌కాగ్నిటోలో అయితే ప్రతిసారీ మళ్లీ లాగిన్ అవ్వాలి, అంతే తేడా.

"మీ రివార్డ్ పాయింట్లు 9,800 రూపాయలు, ఈ రాత్రితో ముగుస్తాయి అని వాట్సాప్‌లో బ్యాంకు పేరుతో మెసేజ్ వచ్చింది. మా నాన్నగారు అందులోని ఫైల్ ఇన్‌స్టాల్ చేశారు. డబ్బు ఇంకా పోలేదు. ఏం చేయాలి?" (వరంగల్)

ఇది చదివిన వెంటనే ఆయన ఫోన్ ఇంటర్నెట్ ఆపేసి, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేయండి. ఏ బ్యాంకూ పాయింట్ల కోసం ఏపీకే ఫైల్ పంపదు. అది వచ్చే ఓటీపీలను చదివి ఎవరికో పంపే యాప్, అందుకే డబ్బు పోకపోయినా ఆగొద్దు. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి కార్డులు, నెట్ బ్యాంకింగ్ బ్లాక్ చేయించండి, పాస్‌వర్డులు మార్చండి, ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా. రూపాయి కదిలినా వెంటనే 1930కి ఫోన్. ఆ ఫైల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశాం కదా అని ఊరుకోకండి, కొన్ని తమ గుర్తు కనిపించకుండా దాక్కుంటాయి. ఫొటోలు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే నాన్నగారి సిమ్ మళ్లీ అందులో పెట్టండి.