కోనసీమలో కారవాన్ విడిది: మురుగు లెక్క ముందు, మజిలీ తరువాత

ప్రయాణ సందేహాలు

ప్రశ్న: రెండేళ్ళ కిందట మేమిద్దరం అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, అతడు ఆర్వీ అనే ఇంటిబండిని అద్దెకు తీసుకుని మమ్మల్ని వారం రోజులు తిప్పాడు. రాత్రికి క్యాంప్‌గ్రౌండులో దిగడం, పొద్దున్నే డంప్ స్టేషన్లో మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసుకుని మళ్ళీ బయలుదేరడం మాకు ఎంతో సుఖంగా అనిపించాయి. ఇప్పుడు హైదరాబాదులో ఒక కారవాన్ అద్దెకు మాట్లాడుకుని, మనవలతో కలిపి ఆరుగురం నాలుగు రాత్రులు రాజమండ్రి, దిండి, అంతర్వేది, యానాం చూసి రావాలనుకుంటున్నాము. బండిలో మంచినీళ్ళకు 150 లీటర్లు, స్నానాల గది, వంటతొట్టి నీళ్ళకు 100 లీటర్లు, మరుగుదొడ్డికి 80 లీటర్ల ట్యాంకులు ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో అలాంటి విడిది స్థలాలు, డంప్ స్టేషన్లు ఎక్కడెక్కడ ఉన్నాయి? డ్రైవరును అడిగితే "ఎక్కడో ఒక కాలువ దగ్గర వదిలేద్దామండీ, అందరూ అదే చేస్తారు" అంటున్నాడు. అది సరైనదేనా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హైదరాబాదు)

జవాబు: మీ ఉత్తరంలోని చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. అది సరైనది కాదు. డ్రైవరు ఆ మాట తేలికగా అన్నా, డెల్టాలో కాలువ అంటే ఏమిటో తెలిసినవారు దాన్ని తేలికగా తీసుకోలేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ ప్రాంతపు బతుకంతా కాలువ నీటి మీదే నడుస్తోంది. సముద్రానికి దగ్గరగా ఉన్న చాలా ఊళ్ళలో భూగర్భ జలం ఉప్పన కావడంతో, కాలువ నీటినే ఊరి మంచినీటి చెరువులోకి మళ్ళించి, వడగట్టి, కుళాయిలకు వదులుతారు. దాళ్వా (రబీ వరి) పంట చేతికి వచ్చాక వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి, అంతకు ముందు నింపి పెట్టుకున్న చెరువు నీరే ఆ ఊరికి వారాల తరబడి ఆధారం. మీరు ఎగువన ఒక గట్టు మీద వాల్వు తిప్పితే అది దిగువ ఊరి బిందెలోకి చేరుతుంది.

గత మాఘమాసంలో అమలాపురం పరిసరాల్లో ఒక కాలువ గట్టు మీద తెల్లవారుజామున నడుస్తుండగా ఒక ఇంటిబండి ఆగి ఉండటం చూశాను. దాని కింద నుంచి లావుపాటి గొట్టం ఒకటి నీటిలోకి దిగి ఉంది. మరుగుదొడ్డి మందు కలిసిన నీలం రంగు నీరు గుర్రపుడెక్క ఆకుల మధ్య నుంచి సన్నని చారలా సాగి, పది గజాల దిగువన ఉన్న రేవు మెట్లను తాకుతోంది. ఆ మెట్ల మీద ఒక పెద్దావిడ పాల క్యాను తోముకుంటోంది. నేను పిలిచి చెప్పేసరికి ఆమె క్యానును ఎత్తి పట్టుకుని, ఇక దాన్ని ఎక్కడ కడగాలో తోచక అలాగే నిలబడిపోయింది. ఆ దృశ్యం ఇంకా నా కళ్ళ ముందే ఉంది కాబట్టే ఈ జవాబు ఇంత వివరంగా రాస్తున్నాను. కలుషిత పదార్థాలను తెలిసి తెలిసి నీటి వనరుల్లోకి వదలడం 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం నిషిద్ధం కూడా.

ఇక విడిది సంగతి. అమెరికాలో మీరు చూసిన క్యాంప్‌గ్రౌండులో ఒక్కొక్క బండికి ఒక్కొక్క స్థలం, దానికి కరెంటు పెట్టె, నీళ్ళ కుళాయి, చాలాచోట్ల మురుగు గొట్టం కలుపుకునే మూతి కూడా ఉంటాయి. అవి లేనివారి కోసం క్యాంప్‌గ్రౌండుల్లోనూ, కొన్ని ట్రక్కుల మజిలీల్లోనూ డంప్ స్టేషన్లు పెడతారు. ఆ వసతి ఇక్కడ దారి పొడవునా దొరుకుతుందని లెక్కపెట్టుకుని బయలుదేరవద్దు. మన దగ్గర డంప్ స్టేషన్ అనే బోర్డును వెతకడం కంటే, సరైన సెప్టిక్ ట్యాంకో, శుద్ధి కేంద్రానికి వెళ్ళే మురుగు పైపో ఉన్న హోటలునో రిసార్టునో ముందుగా ఒప్పించుకోవడమే పని జరిగే మార్గం. అందువల్ల ఎక్కడ పడుకోవాలన్నది తరువాత చూసుకుని, ట్యాంకు ఎక్కడ, ఏ పూట ఖాళీ చేయాలన్నది ముందు తేల్చుకోండి.

దానికి మీ ట్యాంకులు ఎన్నాళ్ళు వస్తాయో తెలియాలి. అమెరికా పుస్తకాల్లోని లెక్క మనకు పనికిరాదు, ఎందుకంటే అది కాగితం వాడేవారి లెక్క, మనది నీళ్ళు వాడేవారి లెక్క. కాలితో తొక్కే చిన్న ఫ్లష్‌కు ఒక లీటరు, శుభ్రం చేసుకోవడానికి మరొక లీటరు లేదా రెండు కలిపితే, ఆరుగురికి రోజుకు 40 లీటర్ల దాకా సులువుగా అవుతాయి. అంటే మీ 80 లీటర్ల ట్యాంకు రెండో రోజు రాత్రికి నిండుతుంది. స్నానాల సంగతి ఇంకా కష్టం: మనిషికి చిన్న బకెట్టు చొప్పున 15 లీటర్లనుకున్నా ఆరుగురికి 90 లీటర్లు, అంటే ఒక్క పూటతో 100 లీటర్ల స్నానాల ట్యాంకు దాదాపు పూర్తి, మంచినీళ్ళు కూడా సగానికి పైగా పూర్తి. కాబట్టి స్నానాలు, పగటిపూట మరుగుదొడ్డి అవసరాలు రిసార్టులోనో, గుడి దగ్గర సత్రంలోనో, భోజనం చేసిన హోటల్లోనో తీర్చుకుని, బండిలోని మరుగుదొడ్డిని రాత్రివేళకు, పిల్లల అత్యవసరానికి మాత్రమే ఉంచండి. అలా చేస్తే నాలుగు రాత్రుల ప్రయాణానికి మధ్యలో ఒక్కసారి, తిరుగు ప్రయాణంలో ఒక్కసారి ఖాళీ చేసుకుంటే సరిపోతుంది.

మొదటి రాత్రి రాజమండ్రిలో, విశాలమైన ఆవరణ ఉన్న హోటల్లో ఒక గది తీసుకుని బండిని లోపల నిలుపుకోండి. మరునాడు రావులపాలెం, కొత్తపేట, అమలాపురం మీదుగా దిండి చేరి, రెండో రాత్రి, మూడో రాత్రి అక్కడే ఉండండి. వశిష్ఠ గోదావరి ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టుతో పాటు ప్రైవేటు రిసార్టులూ ఉన్నాయి. మూడో రోజు ఉదయం అక్కడ ట్యాంకు ఖాళీ చేసుకుని, బండిని అక్కడే ఉంచి, అంతర్వేదికి వేరే కారులో వెళ్ళి రావడం మంచిది. అంతర్వేది నుంచి నరసాపురం వెళ్ళాలనిపిస్తే సఖినేటిపల్లి రేవులో బండ్లను నది దాటించే పంటు ఉంది కదా అని బరువైన కారవానును దాని మీదికి ఎక్కించకండి. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగినా అదే క్షేమం. నాలుగో రోజు 216వ జాతీయ రహదారి మీద, గోదావరి పాయలైన వైనతేయను బోడసకుర్రు దగ్గర, గౌతమిని యెదుర్లంక దగ్గర దాటి యానాం చేరవచ్చు. యానాం పుదుచ్చేరి పాలనలోనిది కాబట్టి బండి పర్మిట్ అక్కడికి వర్తిస్తుందో లేదో యజమానిని ముందే అడగండి.

రిసార్టుకు ఫోను చేసినప్పుడు "కారవాన్ పెట్టుకోవచ్చా?" అని మాత్రమే అడిగితే "రండి సార్" అంటారు, అక్కడికి వెళ్ళాక చిక్కు మొదలవుతుంది. మీ మురుగు ఎక్కడికి పోతుందని నేరుగా అడగండి. సెప్టిక్ ట్యాంకు అయితే దాని ముందున్న ఛాంబరు మూత తీయనిస్తారా, బండి ఆ ఛాంబరుకు ఎంత దూరంలో ఆగగలదు, కలుపుతున్నది 80 లీటర్లేనని చెబితే వారి మేనేజరుకు సమ్మతమేనా అన్నది తేల్చుకుని, దానికి కొంత రుసుము ఇస్తామని మీరే ముందుగా చెప్పండి. వాన నీటి కాలువ మూతను, మురుగు ఛాంబరు మూతను పొరబడేవారు ఉంటారు. వాన నీటి కాలువలో పోసినది నేరుగా గోదావరికే పోతుంది కాబట్టి, మూత ఎత్తాక వాసన, పైపు వచ్చిన దిక్కు చూసి నిర్ధారించుకున్నాకే గొట్టం పెట్టించండి.

ట్యాంకులో వేసే మందు విషయంలో జాగ్రత్త అవసరం. ఫార్మాల్డిహైడ్ కలిసిన మందులు, ఫినాయిలు, యాసిడ్ వంటివి వాసనను అణచినా, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులను కూడా చంపుతాయి, అప్పుడు మీకు ఆశ్రయమిచ్చిన రిసార్టు ట్యాంకే పాడవుతుంది. ఎంజైములతో చేసిన మందు కావాలని బండి యజమానికి చెప్పండి. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వును ఎప్పుడూ మూసే ఉంచాలి. కొద్దికొద్దిగా వదిలేస్తే నీరు పోయి గట్టిది అడుగున పేరుకుపోతుంది. మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదిలితే వేగానికి మొత్తం కొట్టుకుపోతుంది. ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తరువాత స్నానాల ట్యాంకు వదలాలి, ఆ సబ్బు నీటితో గొట్టం దానంతటదే కడుక్కుంటుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. మంచినీళ్ళు నింపే గొట్టాన్ని ఈ పనికి ఏ పరిస్థితిలోనూ తాకనివ్వకండి. రెండు గొట్టాలకూ వేరువేరు రంగుల గుడ్డ కట్టించి, వేరువేరు అరల్లో పెట్టించడం మీ మనవల ఆరోగ్యం కోసం మీరు చేయగల అతి పెద్ద పని.

అనుకున్న చోటు తప్పిపోయి ట్యాంకు నిండితే, మున్సిపాలిటీ ద్వారా సెప్టిక్ ట్యాంకులు తోడే లారీని పిలిపించుకోవచ్చు. అయితే తోడినదాన్ని ఎక్కడ పోస్తారో అడగడం మరచిపోకండి. లారీ వెళ్ళి ఏ చేను గట్టునో పోస్తే మీరు పడ్డ శ్రమకు అర్థం లేదు. నరసాపురంలో సెప్టిక్ ట్యాంకు మలాన్ని శుద్ధి చేసే కేంద్రం నెలకొల్పారు. దిండి నుంచి అది దగ్గరే.

మీరు నెల చెప్పలేదు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలమే గానీ సంక్రాంతి మూడు రోజులు వదిలేయండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనంతో ఆ దారులన్నీ కిక్కిరిసిపోతాయి. మాఘ శుద్ధ దశమి, ఏకాదశుల్లో అంతర్వేది కల్యాణం, రథోత్సవం ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో బండి నిలపడానికి చోటు దొరకదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ ప్రయాణమే వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండవది, 17.75కి మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికే నది ఒడ్డు విడుదులు బరువైన బండికి తగినవి కావు.

ప్రశ్న: రాజోలు దగ్గర వశిష్ఠ పాయకు సమీపంలో మాకు ఎకరం కొబ్బరి తోట ఉంది. కారవానులు వచ్చి రాత్రి బస చేసేలా రెండు స్థలాలు, ఒక డంప్ పాయింటు కట్టాలని ఉంది. మామూలు సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత సరిపోతాయా?
(ఒక రైతు, కోనసీమ)

జవాబు: మీ ఆలోచన చాలా మంచిది, పై ఉత్తరం రాసినవారి లాంటివారికి కావలసింది ఇదే. అయితే ఇంకుడు గుంత మాత్రం వద్దు. మీ నేలలో వర్షాకాలం రెండు మూడడుగులు తవ్వితేనే నీరు ఊరుతుందని మీకే బాగా తెలుసు. అలాంటి చోట గుంతలోకి వదిలినది ఇంకదు, నేరుగా పక్కింటి బావిలో కలుస్తుంది. చుట్టూ, అడుగునా నీరు కారని కాంక్రీటు ట్యాంకు కట్టించి, నిండినప్పుడు లారీతో తోడించుకునే పద్ధతి పెట్టుకోండి. రెండు బండ్లు రోజూ వచ్చినా కడుగు నీళ్ళతో కలిపి 200 లీటర్లనుకుంటే, 3000 లీటర్ల ట్యాంకు 15 రోజులు వస్తుంది. ఖర్చు తగ్గుతుందని ప్లాస్టిక్ ట్యాంకు పూడ్చితే ఒక ప్రమాదముంది: వానల్లో దాన్ని తోడిన మరుక్షణం, చుట్టూ ఉన్న ఊటనీరు ఖాళీ ట్యాంకును పడవలా పైకి ఎత్తేస్తుంది, పైపులన్నీ విరిగిపోతాయి. ప్లాస్టిక్కే పెట్టాలనుకుంటే అడుగున కాంక్రీటు దిమ్మె పోసి దానికి బిగించాలి. ట్యాంకు మూత మీ తోటలో వరద నీరు ఎప్పుడైనా నిలిచిన మట్టం కంటే ఎత్తుగా ఉండాలి.

గొట్టం పెట్టే మూతికి నాలుగంగుళాల పైపు, బిగుతైన మూత, దాని చుట్టూ మధ్యకు వాలుగా నాలుగడుగుల గచ్చు వేయిస్తే ఒలికినది నేలలోకి పోకుండా తిరిగి పైపులోకే వెళ్తుంది. పక్కన కడుక్కునే కుళాయి పెట్టి "ఈ నీరు తాగరాదు" అని పెద్ద అక్షరాలతో రాయించండి. మంచినీళ్ళ కుళాయిని దానికి దూరంగా, బండి ముందు వైపుకు పెట్టించండి. ట్యాంకు తోడడానికి యంత్రమే రావాలి, మనిషి లోపలికి దిగకూడదు. రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి కూడా.

మీ తోటది ఒండ్రు నేల కనుక, బండి ఆగే చోట కంకర పరిచి గట్టి చేయకపోతే ఒక వానకే చక్రాలు కూరుకుపోతాయి. ఏసీ నడవాలంటే ఒక్కొక్క స్థలానికి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు వేరుగా వేయించండి. అన్నిటికంటే ముందు, బండి ఆగే చోటు ఏ కొబ్బరి చెట్టు కిందా లేకుండా చూసుకోండి. కాయల దింపు తీసి వారమే అయినా ఎండిన మట్ట ఏ రాత్రి రాలుతుందో చెప్పలేము. చెట్ల వరుసల మధ్య చోటు చాలకపోతే గట్టు వైపు ఖాళీ జాగాలో ఒక్క స్థలమే కట్టి, రెండోది తరువాత చూసుకోండి.