పొతేరె ముందు నక్షత్రం గుర్తు ఎందుకు?

స్పానిష్ క్రియ పొదేర్ (చేయగలగడం) మూలంగా మీ నిఘంటువు *పొతేరె అని నక్షత్రం గుర్తుతో ఇచ్చిందనీ, లాటిన్ నిఘంటువులో ఆ మాట లేదనీ, అచ్చుతప్పా అనీ అడిగారు. అచ్చుతప్పు కాదండీ. ప్రాచీన లాటిన్ రచనల్లో దొరకని, వారస భాషలను పోల్చి పునర్నిర్మించిన రూపానికి ఆ గుర్తు పెడతారు.

గ్రంథాల లాటిన్‌లో ఈ క్రియ పొస్సె. ‘చేయగలను’ అంటే పొస్సుం, ‘చేయగలడు’ అంటే పొతెస్ట్, ‘చేయగలిగాను’ అంటే పొతుయి. ఇంత గజిబిజిని జనం నోళ్లు సరిచేసుకున్నాయి. హబుయికి (కలిగి ఉన్నాను) హబేరె (కలిగి ఉండటం) ఉన్నట్టే పొతుయికి పొతేరె వచ్చింది.

ఇది గాలిలో కట్టిన మేడ కాదు. ఇటాలియన్ పొతేరె, రొమేనియన్ పుత్యా, పోర్చుగీస్, స్పానిష్, కటలాన్ భాషల పొదేర్, ఫ్రెంచ్ పువ్వార్, ఇవేవీ పొస్సె నుంచి పుట్టలేవు. పొతేరె నుంచైతే ధ్వని సూత్రాల ప్రకారమే వస్తాయి. అచ్చుల మధ్య ‘త’ ఇటాలియన్‌లో సాధారణంగా నిలుస్తుంది, స్పానిష్‌లో ‘ద’ అవుతుంది, ఫ్రెంచ్‌లో రాలిపోతుంది. ‘జీవితం’ అనే వీత మాటకూ ఇదే గతి: వీతా, వీదా, వీ.

నాకు అన్నిటికన్నా బలంగా తోచే సాక్ష్యం 842 నాటి స్ట్రాస్‌బుర్గ్ ప్రమాణాలు, అంటే ఇద్దరు ఫ్రాంకిష్ రాజులు పరస్పరం చేసుకున్న ఒట్లు. ఫ్రెంచ్‌కు తొలి రూపమనదగ్గ ఆ పాఠంలో ‘శక్తి’ అనే అర్థంలో పొదిర్ అని ఉంది! అంటే ‘త’ అప్పటికి పూర్తిగా పోలేదు, ‘ద’ దగ్గర ఉంది. తర్వాత అదీ పోయి, రెండు అచ్చులు పక్కపక్కన మిగిలాక, వాటి మధ్య ‘వ’ చేరింది. చివరి ‘వార్’ కూడా వింత కాదు, హబేరె నుంచి అవ్వార్ వచ్చిన తీరే.

ఇటాలియన్ ఎస్సెరె (ఉండటం) కూడా చూడండి. లాటిన్ ఎస్సెకు మిగతా క్రియల్లా ‘రె’ తగిలించగా వచ్చిందే అది.